బాపు కడుపులో నేను చేసిన పోలీసు యాక్షన్

ముందే ఒప్పేసుకుంటున్నాను. ఉన్నది ఉన్నట్టు చెప్పడం నా వల్ల కాదు. ముగ్గురు చుట్టాలొస్తున్నారని నాతో కబురు పంపితే, నేను వంటింటి గడప దాటేసరికి వాళ్లు తొమ్మిది మందయ్యేవారు. నా భార్యకు ఈ లెక్క పెళ్లయిన మొదటి ఏడాదే పట్టుబడింది. నేను పదిమంది అంటే ఆవిడ ముగ్గురికి బియ్యం పోస్తుంది. ఇంతవరకు మా ఇంట్లో ఏ చుట్టమూ పస్తు పడుకోలేదు. మీరూ ఆవిడలాగే చదువుకోండి. వంద అన్నచోట ముప్పై అనుకోండి, పులి అన్నచోట పిల్లి అనుకోండి. కడుపు అన్నచోట మాత్రం కడుపనే అనుకోవాలి. ఇది మా బాపు, అంటే మా నాన్న, కడుపు సంగతి.

పోయిన నెల నాకు దగ్గు పట్టుకుని వదలకపోతే హైదరాబాదులో ఒక కుర్ర డాక్టరు దగ్గరికి వెళ్లాను. స్టెతస్కోపు ఆయన మెడలో కొత్త పెళ్లికొడుకు దండలా మెరుస్తోంది. దగ్గుకు మాత్రలు రాశాడు. వాటితోపాటు ఇంకో రకం మాత్రలు రాసి, "ఇందులో ఉన్నవి బతికున్న సూక్ష్మక్రిములు, రోజుకు రెండు మింగండి" అన్నాడు. క్రిముల్ని చంపడానికి ఒక మందు, క్రిముల్ని పెంచడానికి ఇంకో మందు! ఇటువంటి వైద్యం కంటే మా ఊరి మంత్రగాడు నయం, వాడు దయ్యాన్ని వదిలిస్తాడే గాని వెళ్తూ వెళ్తూ ఇంకో దయ్యాన్ని ఇంట్లో పెట్టి పోడు.

నా మొహం చూసి ఆయన పాఠం మొదలుపెట్టాడు. మనిషి పేగుల్లో కోట్లకు కోట్లు క్రిములు కాపురం ఉంటాయట. అవి మనం అరిగించుకోలేని తిండిని అరిగిస్తాయి, కొన్ని విటమిన్లు తయారుచేసి పెడతాయి, అన్నిటికంటే ముఖ్యంగా జాగా ఖాళీ లేకుండా కూర్చుని చెడ్డ క్రిముల్ని దిగనివ్వవు. దగ్గు మందుకు దగ్గు క్రిమి, కడుపు క్రిమి అన్న తేడా తెలియదు. అన్నిటినీ చంపుతుంది. అప్పుడు ఖాళీ ఇంట్లో దొంగలు దిగినట్టు రోగాలు దిగుతాయి. ఆయన ఇదంతా నాకు చాలా మెల్లగా, చెవిటివాడికి చెప్పినట్టు చెప్పాడు. నేను వినయంగా తల ఊపాను. ఆయన పలక పట్టకముందే నేను ఈ పాఠం నేర్చుకున్నాను. నా కడుపు పణంగా పెట్టి నేర్చుకుని ఉంటే ఇప్పుడు గర్వంగా చెప్పుకునేవాణ్ణి.

మాది తిరుమలగిరికి ఆరు మైళ్లు లోపలికున్న ఊరు. నేతపని మా కులవృత్తి. నైజాము రాజ్యం పోయి యూనియన్ మిలిటరీ దిగిన రోజులవి. రజాకార్లు మాయమయ్యారు. పారిపోయిన దొర రూమీ టోపీ తీసి గాంధీ టోపీ పెట్టుకుని మళ్లీ గడీలోకొచ్చాడు. సంఘపోళ్లు, అంటే కమ్యూనిస్టులు, అడవి పట్టారు. వాళ్లను వెతకడానికి వచ్చిన మిలిటరీ మా ఊరి బడిలో క్యాంపు పెట్టి, మొదటి రోజే దండోరా వేయించింది. పొద్దుగూకిన దగ్గర్నుంచి పొద్దు పొడిచేదాకా ఊరి చివరి ఇల్లు దాటి ఎవరూ కనిపించకూడదు. కనిపిస్తే కాలుస్తారు.

ఈ హుకుం రాసినవాడెవడో గాని, వాడి ఇంట్లో తప్పకుండా పాయిఖానా ఉండి ఉండాలి. మా ఊళ్లో అది దొరకొక్కడికే ఉంది. మిగతా ఊరంతా కోడి కూయకముందే చెంబు పట్టుకుని తుమ్మచెట్లలోకి పోయేది. తరతరాల అలవాటును ఒక్క డప్పు చప్పుడుతో మార్చుకోమన్నారు. గట్టి కడుపులవాళ్లు పొద్దు పొడిచేదాకా పళ్లు బిగించి అరుగుల మీద వరసగా కూర్చునేవారు. తూర్పు దిక్కును అంత భక్తితో చూసిన ఊరు దేశంలో ఇంకోటి లేదు.

క్యాంపు పడిన బడి వాగుకు ఎగువన ఉంది, వాళ్ల మురికంతా ఊరు తాగే నీళ్లలోకే దిగేది. పది రోజులు తిరిగేసరికి ఊళ్లో సగం మందికి విరేచనాలు పట్టుకున్నాయి. అందరికీ నాలుగైదు రోజుల్లో తగ్గాయి, మా బాపుకు తప్ప.

బాపుది గుంటమగ్గం. నేలలో గుంట తీసి, కాళ్లు అందులో పెట్టి, నడుం దాకా భూమిలో నాటుకుని పొద్దంతా కూర్చోవాలి. కడుపు నిలవనివాడికి ఇంతకంటే చెడ్డ ఆసనం లేదు. కుడి చేతి నుంచి విసిరిన నాడె ఎడమ చేతికి చేరేలోపు బాపు తుమ్మల్లోకి చేరేవాడు. ఆ నెలలో నేసిన పంచెల్లో ఎక్కడెక్కడ ఆయన లేచిపోయాడో వేలు పెట్టి చూపించొచ్చు, అక్కడల్లా పేక వదులైపోయింది. మా ఇంటి నుంచి తుమ్మల దాకా కొత్త బాట పడింది. మిలిటరీ జీపు సుఖంగా పోయేంత బాట.

ఆ బాటే కొంప ముంచింది. ఒకనాటి పొద్దున హవల్దారు బాపును ఆపాడు. సంఘపోళ్లకు తిండో కబురో చేరవేస్తున్నాడని అనుమానం. పొద్దుటి నుంచి ఆరుసార్లు పోవడం లెక్కపెట్టాడట.

"సుబహ్ సే ఛే బార్ గయా! మైనే గినా!"

"గినకు సాబ్, ఇంకా శాన బాకీ ఉన్నయి" అన్నాడు బాపు కడుపు పట్టుకుని.

"లోటే మే క్యా హై?"

"పానీ సాబ్. నీ కాల్మొక్త, జల్ది చూడు."

హవల్దారు చెంబును వాసన చూశాడు, ఊపాడు, చివరికి నీళ్లన్నీ నేల మీద పారబోసి చూశాడు. మా బాపు చేతిలో ఉన్న ఒకే ఒక్క ఆయుధం అది. దాన్ని ఖాళీ చేసి యుద్ధానికి పొమ్మన్నాడు. పోతుంటే వెనక నుంచి, పొద్దు పొడవక ముందు ఈ బాటలో కనిపిస్తే ఆపి అడగనని, తుపాకీతోనే పలకరిస్తానని చెప్పాడు.

ఇంట్లోనే ఒక మూల బూడిద పోసి పెడతానంది మా అవ్వ, అంటే బాపు తల్లి. అమ్మ నా చిన్నప్పుడే పోతే నన్ను సాకింది అవ్వే. బాపు ఒప్పుకోలేదు. "మగ్గమున్న ఇంట్ల గట్ల చేస్తనా అవ్వా? సస్తె బయటనే సస్త" అన్నాడు. ఇక లెక్క తేలిపోయింది. కడుపు ఆగాలి, లేకపోతే ఏదో ఒక తెల్లవారుజామున తూటా తగలాలి. నల్లగొండలో ఉన్న నాకు "బాపు కడుపు నిలుస్తలేదు, జల్ది రా" అని కబురొచ్చింది.

నేను అప్పుడు నల్లగొండలో ఒక దవాఖానలో కాంపౌండరును. అంటే, ఆరు నెలలుగా సీసాలు కడుగుతున్నాను. ఒకనాడు డాక్టరు గారు దయ తలిచి సూక్ష్మదర్శినిలో ఒక మురికినీటి చుక్క చూపించారు. మా చుట్టాల పెళ్లిలో భోజనాల వేళ ఎట్లా ఉంటుందో అట్లా ఉంది లోపల. ఆ రోజు నుంచి నాకు లోకమంతా క్రిములే. చేయి కలిపితే క్రిములు, దండం పెడితే క్రిములు. అరచుక్క చూసిన విద్యతో అండపిండ బ్రహ్మాండాన్ని కడిగేయాలనిపించేది. డాక్టరు గారు బాపుకని క్రిముల్ని చంపే సల్ఫా బిళ్లలిచ్చి, పూటకు రెండు చొప్పున వేయమన్నారు. నీళ్లు కాచి తాగించమన్నారు. నార్కట్‌పల్లిలో బస్సు మారేటప్పుడే నేను పూటకు నాలుగని నిర్ణయించేశాను. హెచ్చించడం నాకు మాటల్లోనే కాదు, మాత్రల్లోనూ అలవాటే.

నేను ఇంట్లో అడుగుపెట్టేసరికి, నిజం చెప్పాలంటే, బాపుకు తగ్గుముఖం పట్టింది. "ఇరవై సార్లు పోయెటోడు ఎనిమిదికి దిగిండు బిడ్డా" అంది అవ్వ. నాకది నచ్చలేదు. బిళ్లలు తెచ్చినవాడు రాకముందే నయమయ్యే హక్కు రోగికెక్కడిది? దోషి కోసం ఇల్లంతా కలియజూశాను. వంటింటి మూల కలికుండ కనిపించింది.

కలి అంటే, తెలియనివారికి చెబుతున్నాను, బియ్యం కడిగిన నీళ్లు, వంచిన గంజి పోస్తూ పులియబెట్టే పుల్లటి నీళ్లు. పొద్దున్నే ఉప్పేసుకుని తాగుతారు, జొన్న సంకటిలాంటి గటకలో కలుపుకుంటారు. మా ఇళ్లల్లో ఆ కుండను ఎన్నడూ పూర్తిగా ఖాళీ చెయ్యరు. తీసినంత తీసి, పోసినంత పోస్తారు. కుండ పాతబడి మార్చినా పాత కలి ఒక చెంబెడు కొత్త కుండలో పోస్తారు. అన్నదమ్ములు వేరుపడితే మగ్గాలు, చెంబులు పంచుకున్నట్టే కలినీ పంచుకుంటారు. అవ్వ తన అత్త చేతి నుంచి తీసుకున్న కలి అది. కాకతీయుల నాటిదని నేను చాలామందికి చెప్పాను.

"ఏందవ్వా ఇది?" అన్నాను ముక్కు మూసుకుని.

"ఎర్కలేనట్టు అడుగుతవేందిరా? గిదే తాగి గింత పొడుగైనవ్."

"బుడగలొస్తున్నయి సూడు. ఇండ్ల లచ్చల పురుగులున్నయి."

"యాడున్నయ్ రా? నా కండ్లకైతే గానస్తలేవు."

"నీ కండ్లకు గానరావు. మా దవాఖానల అద్దంకెళ్లి సూస్తె గానస్తయి."

"మరి మీ దవాఖాన పురుగుల్ని ఆడనే పెట్టుకోకపోయినవ్, మా కుండలకు ఎందుకు తెస్తివి?"

"నవ్వులాట గాదవ్వా. రోజూ గిదే తాగుతుండె గద బాపు, మరి రోగమెట్లొచ్చింది?"

"గొంగడి కప్పుకున్నోడు గూడ పెద్దవానకు తడుస్తడు. తడిసిండని గొంగడి పారేస్తవా?"

పారేశాను. బాపు తుమ్మల్లోకి పోయిన సమయం చూసి, కుండ ఎత్తి వెనక పెంటకుప్ప మీద ఒంపేశాను. అంతటితో ఆగినా బాగుండేది. క్రిమి సంతానం మిగలకూడదని కుండలో సలసల కాగే నీళ్లు పోశాను. పాత కుండ టప్పుమని మూడు పెంకులైంది. అవ్వ వాకిట్లో నిలబడి చూసింది. మా అవ్వ నోరు మూసుకోగా నేను చూడటం అదే మొదలు.

రెండు రోజుల్లో బాపు కడుపు కట్టేసింది. ఆహా, ఆ రెండు రోజులు! అరుగు మీద కాలు మీద కాలేసుకుని ఊరందరి నాలుకలు చూశాను. నా పేరు కోస్గి దాకా పాకిందని నేనే ప్రచారం చేశాను. కోస్గి ఎటు వైపుందో మా ఊళ్లో ఎవరికీ తెలియదు, అందుకని కాదనేవాడు లేడు. కలి పులుపు మానిపించి బార్లీ నీళ్లు పథ్యం పెట్టాను. కాచిన నీళ్లు తప్ప ముట్టనివ్వలేదు. ఆరు నెలల చదువులో నేను నేర్చుకున్న ఒకే ఒక్క మంచి పని ఆ నీళ్లు కాచడం, దాన్ని ఇప్పటికీ వెనక్కి తీసుకోను.

నాలుగో రోజుకు బాపు పొట్ట డోలులా ఉబ్బింది. అయిదో రోజు కట్ట తెగింది. నేను బిళ్లలు పూటకు ఆరు చేశాను. ఎనిమిది సార్లు పోయేవాడు ముప్పై సార్లు పోయాడు. ఇది నేను పెంచిన లెక్క కాదు, మీరు దీన్ని తగ్గించుకోవద్దు. కళ్లు లోపలికి పోయాయి. చెంబు ఎత్తలేక రెండు చేతులతో పట్టుకునేవాడు.

ఏడో రోజు తెల్లవారుతుండగా, పొద్దు ఇంకా పొడవలేదు, ఆయన మాకు చెప్పకుండా పాక్కుంటూ బయటికి పోయాడు. బడి వైపు నుంచి తుపాకి పేలింది. గాలిలోకే పేల్చారట. అది మాకు తర్వాత తెలిసింది. పొద్దు పొడిచాక నేను పోయి చూస్తే తుమ్మల దగ్గర గుంతలో ముడుచుకుని ఉన్నాడు. వీపు మీద వేసుకుని తెచ్చాను. నన్ను భుజాన మోసి జాతరలు తిప్పిన మనిషి, ఎండిన కంది కట్టెల మోపంత కూడా లేడు.

మంచంలో పడుకోబెట్టగానే, "అవ్వా, జర కలి పొయ్యరాదే. నోరంత చేదున్నది" అన్నాడు.

"లేదు బిడ్డా."

"లేకపోవుడేంది?"

అవ్వ నా వైపు చూసింది. నేను ఇంటి కప్పు వైపు చూశాను. బాపు జవాబు కోసం ఆగకుండానే కళ్లు మూసుకున్నాడు.

అవ్వ నన్ను పెరట్లోకి తీసుకుపోయింది. "కుండల దాన్ని సంపితివి. నీ బిళ్లలేసి వాని కడుపుల దాన్ని గూడ సంపితివి. గీడున్నదీ గాడున్నదీ ఒక్కటేరా, నా పిచ్చి నాయిన!"

ఈమెకు ఏ సూక్ష్మదర్శినిలో కనిపించిందో నాకిప్పటికీ తెలియదు. కుర్ర డాక్టరు అరగంట పాఠంలో ఇంతకంటే ఎక్కువేం చెప్పలేదు.

"కొత్తగ పెట్టరాదా అవ్వా?"

"కొత్తది మంచిగ పులువనీకి వారం దినాలు. గన్ని దినాలు నీ బాపు ఉంటడా? వేరేటోళ్ల కలి వాని కడుపుకు కొత్త. చిన్నోని ఇంట్ల మన కలి ఉన్నది. పోయి అడుగు."

చిన్నోడంటే చిన్నబాపు, మా బాపు తమ్ముడు. మగ్గం గుంట ఎటు గోడకు తవ్వాలన్న పంచాయితీ మీద తొమ్మిదేళ్ల కింద వేరుపడ్డాడు. పోతూ పోతూ చెంబెడు కలి తీసుకుపోయాడు. అప్పటి నుంచి రెండిళ్లకు మాటల్లేవు. ఎదురుపడితే నేల మీద ఏదో వెతుక్కుంటున్నట్టు తల వంచుకుని పోయేవాళ్లం.

"నువ్వే పోరాదవ్వా?"

"వాని గడప తొక్కనని ఒట్టేసుకున్న. అయినా ఒంపింది నేనా? నువ్వే పో."

చిన్నబాపు ఇల్లు బడికి అవతల. పట్టపగలు, క్యాంపు ముందు నుంచి, ఊరంతా అరుగుల మీద చూస్తుండగా, దవాఖానకు చెందిన నేను ఖాళీ చెంబుతో నడిచాను. చిన్నమ్మ గడపలోనే ఎదురైంది.

"ఓహో, డాక్టరు సాబు! తొవ్వ తప్పినవా?"

"లేదు చిన్నమ్మా. చెంబెడు కలి కావాలె."

"ఏమాయె, మీ కుండకు కాళ్లొచ్చినయా?"

"నేనే పారబోసిన."

"ఎందుకురా?"

"పురుగులున్నయని."

ఆమె నవ్విన నవ్వుకు వాడలో మగ్గాలన్నీ ఆగిపోయాయి. "మరి గిప్పుడు పురుగులు గావాల్నా?"

"కావాలె."

"ఎన్ని గావాలె? ఏరి ఇయ్యాల్నా, గుత్తకు ఇయ్యాల్నా?"

నేను తల దించుకున్నాను. అప్పుడు ఆమె నవ్వు ఆపి, "బావ ఎట్లున్నడు?" అంది. నేను ఖాళీ చెంబు ముందుకు చాచాను. చెంబు లాక్కుని లోపలికి పోయింది. చిన్నబాపు మగ్గంలో అటు తిరిగే కూర్చున్నాడు. నాడె మాత్రం ఆగింది. గోడతో మాట్లాడుతున్నట్టు, "అంచుదాంక పొయ్యి" అన్నాడు.

తిరుగుదారిలో హవల్దారు నిలబడి ఉన్నాడు. "లోటే మే క్యా హై?"

చెంబును రెండు చేతులతో పొదువుకున్నాను. ఈయనకు చెంబులు పారబోసే అలవాటుంది. "దవా హై సాబ్."

ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు. శత్రువు విషవాయువు వదిలినట్టు వెనక్కి దూకాడు. "దారూ హై!"

"నహీ సాబ్, దవా."

"దవా? తో పీ కే దిఖా!"

కలికుండ మీద యుద్ధం ప్రకటించి, పెంకులు చేసి, అరుగు మీద ఉపన్యాసాలిచ్చిన నేను, ఊరంతా లేచి నిలబడి చూస్తుండగా, నడివీధిలో లక్షల పురుగులున్న నీళ్లు గుటకలు మింగాను. పుల్లగా, చల్లగా ఉన్నాయి. "ఔర్!" అన్నాడు. ఇంకో గుటక. మూడోసారి "ఔర్" అనబోతుంటే, "సాబ్, బీమారు మా బాపు, నేను గాదు" అన్నాను ఏడుపు గొంతుతో. ఏమనుకున్నాడో, చెంబు పారబోయకుండానే పొమ్మన్నాడు.

బిళ్లలు మానేశాం. అవ్వ మొదటి రోజు చెంచాలతో, తర్వాత గిన్నెతో కలి పోసింది. మూడో నాటికి బాపు జొన్నగటక అడిగాడు. వారానికి పొద్దు పొడిచేదాకా ఆపుకోగలిగిన మొనగాళ్ల వరసలో, అరుగు మీద, తూర్పుకు తిరిగి కూర్చున్నాడు. ఇంకో వారానికి మగ్గంలో దిగాడు.

కలి వల్లే తగ్గిందా, బిళ్లలు ఆపినందుకా, తగ్గే రోజులొచ్చి తగ్గిందా అని మొన్న కుర్ర డాక్టరును అడిగాను. మెడలో స్టెతస్కోపు సర్దుకుని "మూడూ కావచ్చు" అన్నాడు. ఈ ముక్క చెప్పడానికి ఆయన అన్నేళ్లు చదివాడు! మా అవ్వను కూడా నేను నెత్తిన పెట్టుకోవడం లేదు. కలితోపాటు ఆమె దిష్టి తీసింది, తాయెత్తు కట్టింది, బొడ్డు మీద వాత పెడతానని కొరకంచు కూడా కాల్చింది, నేనే ఆపాను. పది వైద్యాల్లో తొమ్మిది తప్పు, ఒకటి ఒప్పు. కాచిన నీళ్లు పక్కన పెడితే నాకు ఆ ఒకటి కూడా లేదు.

ఇక ఎక్కడ అబద్ధమాడానో చెప్పాలి. జీపు పట్టే బాట, కాకతీయుల కలి, ఆగిపోయిన మగ్గాలు, ఇవి పెంచిన సంగతులని మీరు ఈపాటికే కోసేసుకుని ఉంటారు. అసలు లేనిదాన్ని ఉన్నట్టు చెప్పింది ఒక్కచోట. చిన్నమ్మ గడపలో నేను "నేనే పారబోసిన" అనలేదు. "మిలిటరోళ్లు తనిఖీకొచ్చి కుండ తన్నిండ్రు" అన్నాను. ఆమె నవ్వనూ లేదు, ఎన్ని పురుగులు కావాలని అడగనూ లేదు. మిలిటరీని ఏడు తరాలు తిట్టి, కొంగుతో కళ్లు తుడుచుకుని, చెంబు నింపి ఇచ్చింది. ఆ ఎగతాళి మాటలన్నీ నేను తర్వాత ఏళ్ల తరబడి ఆమె నోట్లో పెట్టి చూసుకున్నవి.

ఊరంతా నమ్మింది. ఆ హవల్దారు మా ఊళ్లో చెయ్యరాని పనులు చాలా చేశాడు. ఇది మాత్రం చెయ్యలేదు. బాపు కూడా నమ్మాడు. పోయేదాకా ఇంటికొచ్చిన ప్రతి చుట్టానికీ చెప్పేవాడు. "మిలిటరోడు మా కలికుండ తన్ని పలగ్గొట్టిండు. నా కొడుకు ఇజ్జత్ పక్కకు పెట్టి, మాటల్లేని గడప తొక్కి, తుపాకి ముంగటికెళ్లి మల్ల తెచ్చిండు." నేను పక్కనే కూర్చుని వినేవాణ్ణి. దాన్ని పెంచి చెప్పడానికి నా దగ్గర ఏమీ ఉండేది కాదు. ఆ మాట మొదలుకాగానే అవ్వ మోకాళ్ల మీద చేతులు వేసుకుని మెల్లగా లేచి, లోపల ఏదో పనున్నట్టు వంటింట్లోకి పోయేది.